ఇరవై ఏడో నంబరు

మూడో గుండు దగ్గర రైఫిల్ ఆగిపోయింది.

సంగీత ట్రిగ్గర్ నొక్కింది. భుజానికి రావలసిన దెబ్బ రాలేదు. అటూ ఇటూ బోర్లా పడుకున్నవాళ్ల రైఫిళ్లు పేలుతూనే ఉన్నాయి. ఆమె చెంప ఎత్తి చూసింది. పేలిన గుండు తాలూకు ఇత్తడి గొట్టం బయటికి ఎగిరిపడకుండా గొంతులో ముల్లులా లోపలే ఇరుక్కుంది. దానికి 'ఎంప్టీ' అని పేరు. గుండును లోపలికి ఎక్కించే పిడి, కాకింగ్ హ్యాండిల్ పట్టి లాగింది. రాలేదు. అరచేత్తో కొట్టి లాగింది. అరచెయ్యి చీరుకుపోయింది గాని హ్యాండిల్ కదలలేదు.

మట్టిగోడ మీద దుమ్ము లేవడం ఆగింది. అందరి గుండ్లూ అయిపోయాయి. మైదానమంతా నిశ్శబ్దమయ్యాక ఆమె హ్యాండిల్ కొడుతున్న చప్పుడొక్కటే మిగిలింది.

వాళ్లపై అధికారి, రిజర్వు ఎస్సై జైరాం వచ్చి ఆమె తల దగ్గర నిలబడ్డాడు. బూట్ల ముందు నీడ పడింది.

"ఏందమ్మా, నిద్రపోయినవా?"

"ఎంప్టీ ఇరికింది సార్."

"రైఫిల్ ఇరకది. పట్టుకున్న చెయ్యి ఇరుకుతది."

వెనకనుంచి ఒకరిద్దరు నవ్వారు. జైరాం నవ్వలేదు. ఆయన కోపంలో కూడా గొంతు పెంచే మనిషి కాదు. రైఫిల్ నెత్తిమీద రెండు చేతులా ఎత్తి పట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తమన్నాడు. ఎప్పటిదాకా అని చెప్పలేదు. మే నెల ఎండ. ఇనుము అప్పటికే కాలుతోంది. చీరుకున్న అరచెయ్యి ఆ ఇనుము మీదే ఉంది. పరుగెడుతూ సంగీత మైదానం అంచున ఉన్న చింతచెట్టు నీడలో కూర్చున్నవాళ్లను చూసింది. వాళ్లు తనను చూడడం లేదు. తమ రైఫిళ్లలో గొట్టం శుభ్రంచేసే పుల్‌త్రూ తాడు వేసి లాగుతున్నారు, మాట్లాడుకుంటున్నారు. ఆమె చేతిలో ఉన్నది ఇరవై ఏడో నంబరని వాళ్లందరికీ తెలుసు.

ఆ ఔట్‌పోస్టు భద్రాచలం దాటి, గోదావరి వెంబడి కొంత దూరం పోయి, అడవిలోకి మళ్లితే వస్తుంది. అక్కడ ఎవరి రైఫిల్ వారికని లేదు. తెల్లవారుజామున హెడ్ కానిస్టేబుల్ వీరన్న ఆయుధాల గది తాళం తీస్తాడు. ముందొచ్చినవాడు ముందు తీసుకుంటాడు. ఎవరికి నచ్చిన నంబరు వారికుంది. తోటి కానిస్టేబుల్ రాజేష్‌కు పద్నాలుగు. చివర వచ్చినవాళ్లకు ఇరవై ఏడు. భుజానికి ఆనించే దాని మడమ మీద తెల్లరంగుతో రాసిన అంకె సగం చెరిగిపోయినా గుర్తుపట్టనివాడు లేడు. అది ఎవరి చేతిలో, ఎప్పుడు, ఎన్నిసార్లు ఆగిందో సరిగ్గా చెప్పగలిగినవాడు మాత్రం ఎవడూ లేడు. పేరు పడింది, అంతే.

సంగీత ఎప్పుడూ చివరే వచ్చేది. ఆడ కానిస్టేబుళ్లకు బస కంచె అవతల, మూతబడ్డ బడి గదిలో ఇచ్చారు. కంచెకున్న చిన్నగేటు తెల్లారాక గాని తీయరు. అది సెక్యూరిటీ రూలు. గేటు తీసేసరికి మగవాళ్లు లైనులో ఉంటారు. ఒకసారి అడిగి చూసింది. "జర ముందుగాల లేవాలె" అన్నాడు జైరాం. లేవడం కాదు సమస్య, గేటు అని ఆమె చెప్పబోయేలోపు ఆయన ఫోన్ మోగింది.

పరుగు ఆపమన్నాక ఆమె చింతచెట్టు కిందికి వచ్చి కూలబడింది. రాజేష్ నీళ్ల సీసా అందించాడు. అతనిది కుసుమంచి దగ్గరి తండా, ఆమెది తిరుమలాయపాలెం దగ్గరి తండా. ఇద్దరే ఉన్నప్పుడు లంబాడీలో మాట్లాడుకుంటారు. నలుగురిలో ఉన్నప్పుడు తెలుగులో. ఇప్పుడు తెలుగులోనే అన్నాడు.

"చెయ్యి తిరగాలె చెల్లె. ఇంక గంతే."

"నీకెప్పుడన్న ఆగిందా అన్నా?"

రాజేష్ తన పద్నాలుగో నంబరు మీద దుమ్ము తుడుస్తూ, "నాకెందుకు ఆగుతది" అన్నాడు.

మధ్యాహ్నం ఆర్మరర్ బషీర్ జీపులో వచ్చాడు. ఖమ్మం మనిషి. కొత్తగూడెం నుంచి అన్ని క్యాంపులకూ తిరిగి రైఫిళ్లు బాగుచేసిపోతుంటాడు. టార్పాలిన్ పరిచి కూర్చోగానే వీరన్న అలవాటుగా ఇరవై ఏడును తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"మళ్లీ ఇదేనా?" అన్నాడు బషీర్.

సంగీత ఎదురుగా చతికిలబడి కూర్చుంది. ఆయన రైఫిల్ విప్పి, ఇరుక్కున్న ఎంప్టీని కడ్డీతో వెనక్కి తోశాడు. ఎంప్టీని పట్టి బయటికి లాగే చిన్న కొక్కేన్ని తీసి, దాని వెనకున్న గోరంత స్ప్రింగును వేళ్ల మధ్య నొక్కి చూశాడు. సంచిలోంచి కొత్తది తీశాడు. అటువంటిది సంచిలో అదొక్కటే ఉంది. అది బిగించి, లోపల మసి గీకి, నూనె పెట్టి, చిందీగుడ్డతో తుడిచి, మట్టిగోడ వైపు తిరిగి అయిదు గుండ్లు కాల్చాడు. అయిదూ పేలాయి. ఎంప్టీలు అయిదూ ఏరి జేబులో వేసుకున్నాడు.

"మంచిగైంది."

"ఎన్ని గుండ్లదాక మంచిగుంటది భాయ్?"

బషీర్ ఆమె వంక చూశాడు. "పరీక్షకు అయిదే ఇస్తరు నాకు. అయిదుదాక మంచిగుంది."

"తక్కినయి చూడరా?"

"కంప్లైంట్ రావాలె. రాంది విప్పితే, ఎందుకు విప్పినవ్, అందులో ఏం పోగొట్టినవ్ అంటరు." ఆయన సంచి మూట కట్టుకున్నాడు. "నేనెప్పుడొచ్చినా మీరు దీన్నే కదా నా ముందట పెట్టేది."

సాయంత్రం వీరన్న గోడవారన ఇరవై ఏడును నిలబెడుతూ, బాగైందట అని చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. అది బాగవడం వాళ్లు చాలాసార్లు విన్నారు.

* * *

సనోబర్ ఆ మర్నాడు వచ్చింది. ట్రైనింగ్ ముగించుకుని నేరుగా ఇక్కడికే వేశారు. ఖమ్మంలో వాళ్ల నాన్నది కుట్టుమిషన్లు రిపేరు చేసే దుకాణం. బడి గదిలో మంచం వేసుకుంటూ, దోమతెర కట్టుకుంటూ ఒకటే మాటలు. పాములొస్తాయా అని, బాత్రూంకు తలుపుందా అని, సార్ కోపిష్టా అని. అన్నిటికీ సంగీత జవాబు చెప్పింది. రైఫిళ్ల సంగతి సనోబర్ అడగలేదు. సంగీత చెప్పలేదు.

మర్నాడు పెట్రోలింగ్ ఉంది. వాగు దాటి, తునికాకు కోసే ఊళ్ల మీదుగా తిరిగి రావాలి. ఈమధ్య నక్సలైట్ల కదలిక లేక అడవి నిమ్మళంగా ఉందని అందరూ అంటున్నారు గాని, నిమ్మళంగా ఉన్న అడవిలో నడవడం మరీ కష్టమని పాతవాళ్లకు తెలుసు.

ఇంకా చీకటి విడిపోకముందే సంగీత లేచింది. కాపలా ఉన్నతన్ని ముందురోజే బతిమాలుకుంది. ఫ్లాస్కులో టీ పోసుకెళ్లి గేటు సందులోంచి అందించింది. అతను చుట్టూ చూసి గడియ తీశాడు. అంతకుముందు, గదిలోంచి బయలుదేరేటప్పుడు, ఆమె ఒక్క క్షణం సనోబర్ మంచం దగ్గర నిలబడింది. దోమతెర లోపల ఆ పిల్ల మోచెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంది. ఆ భుజం తట్టడానికి చెయ్యి సాచవలసినంత దూరం కూడా లేదు.

సంగీత బూట్లు చప్పుడు కాకుండా బయటికి వచ్చేసింది.

లైనులో ఆమె మూడో మనిషి. వీరన్న తలెత్తి, "ఇయ్యాల పొద్దు పడమర పొడిచిందా?" అన్నాడు. తొమ్మిదో నంబరు ఇచ్చాడు. ఎన్నడూ ఆగని రైఫిలని దానికి పేరు. చేతిలోకి తీసుకోగానే భుజాలు తేలికైనట్టనిపించింది. తెల్లారాక సనోబర్ జడ అల్లుకుంటూ పరుగెత్తుకొచ్చి, చివర మిగిలినదాన్ని సంతకం పెట్టి తీసుకుంది. కొత్త బొమ్మ దొరికినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే ఎవరో దగ్గారు. ఎవరో చూపు తిప్పుకున్నారు. రాజేష్ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు.

సంగీత కూడా చూపు తిప్పుకుంది.

* * *

అడవిలోకి దిగాక ఒకరికొకరికి ఎడం పెంచుకుని నడిచారు. అందరికన్నా ముందు రాజేష్. తరువాత సంగీత. ఆమె వెనక సనోబర్. నడుమన జైరాం. ఎండ ఇంకా మొదలవకుండానే రాళ్లు వేడెక్కుతున్నాయి. ఆకులు రాలిపోయి దూరందాకా కనిపిస్తోంది. కనిపిస్తున్న కొద్దీ భయమే. ఎండుటాకుల మీద ఎవరి అడుగు చప్పుడు వారికే ఎవరిదోలా వినబడుతుంది.

సంగీతకు మాత్రం తన వెనక అడుగుల చప్పుడొక్కటే వినబడుతోంది. సనోబర్ అడుగులు చిన్నవి. గబగబా పడుతున్నాయి. ముందు ఏ కంపలో ఏది కదిలినా సంగీత ముందుకు చూడడానికి బదులు వెనక్కి తిరుగుతోంది. ఇప్పుడు ఏదన్నా జరిగితే, ఆ పిల్ల పడుకుని గురిపెట్టి నొక్కుతుంది. ఒకటి పేలుతుంది, రెండు పేలుతాయి. తరువాత హ్యాండిల్ కొట్టుకుంటూ ఉంటుంది. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో సంగీత అరచేతికి తెలుసు. చర్మం ఇంకా మానలేదు.

వాగు దగ్గర ఆగారు. నీళ్లు లేవు. ఇసుకలో చెలమలుగా తవ్వుకున్న గుంతలున్నాయి. జైరాం మ్యాపు చూసుకుంటున్నాడు. సంగీత సనోబర్ పక్కకు వెళ్లి కూర్చుంది.

"నాది నువ్వు తీస్కో. అది ఇటియ్యి."

సనోబర్ సీసా మూత బిగిస్తూ ఆగింది. "ఎందుకక్కా? నంబర్ రాసి సంతకం పెట్టిన కదా. మార్చుకోవద్దని ట్రైనింగ్‌లో చెప్పిన్రు."

"మార్చుకోవద్దు. అయినా ఇటియ్యి."

"ఏమైంది దీనికి?"

సంగీత ఇసుకలో వేలితో గీతలు గీసింది. "అది ఆగుతది. అందరికీ ఎరుకే. చివర వచ్చినోళ్లకు అదే ఇస్తరు. పొద్దుగాల నిన్ను లేపుదామని మంచం కాడికి వచ్చిన. లేపలే. కావాలనే లేపలే."

సనోబర్ మొహంలో పొద్దుటి వెలుగు పోయింది. ఒళ్లో ఉన్న రైఫిల్ వైపు చూసింది, అది తనదే అన్నట్టు గట్టిగా పట్టుకుంది. తరువాత పట్టు వదిలింది.

"మరి నీకేమన్న అయితే?"

"దాని సంగతి నాకు తెల్సు. నీకు తెల్వది. గదే ఫరకు."

ఇద్దరి ఒళ్లలో రైఫిళ్లు చేతులు మారాయి. ఎవరూ చూడలేదు. రాజేష్ ఒక్కడే చూశాడు. చూసి, లేచి టోపీ సర్దుకుని ముందుకు నడిచాడు.

గట్టెక్కి, తునికి పొదల్లోకి కొంతదూరం వెళ్లారో లేదో కేక వినబడింది. ఆడమనిషి గొంతు. తరువాత చాలా గొంతులు. రాజేష్ పరుగెత్తాడు. సంగీత అతని వెనక పరుగెత్తింది. తక్కినవాళ్లు ఇంకా దూరంగా ఉన్నారు.

ఆకు కోయడానికి వచ్చిన ఆడవాళ్లు చెట్ల మధ్య చెల్లాచెదరుగా పరుగెడుతున్నారు. ఒక ముసలమ్మ పరుగెత్తలేక ఆకుల మూటను అడ్డం పెట్టుకుని నేలమీద కూలబడింది. ఆమెకెదురుగా ఎలుగుబంటి. వీపు మీద పిల్ల అతుక్కుని ఉంది. మూటను ఒక్క చరుపుతో చీల్చేసింది. ఆకులు ఎగిరిపడ్డాయి.

రాజేష్ నిలబడి గాల్లోకి ఒకటి కాల్చాడు. ఎలుగు తల తిప్పింది. రెండోది కాల్చాడు. అది ముసలమ్మను వదిలి అతని వైపు వచ్చింది. మూడోది పేలలేదు.

సంగీతకు ఆ చప్పుడు వినబడింది. పేలని చప్పుడు. రాజేష్ హ్యాండిల్ పట్టి లాగాడు. అరచేత్తో కొట్టాడు. మడమ నేలకానించి బూటుకాలితో తొక్కాడు. ఆ లాగడం, ఆ కొట్టడం ఆమె చేసిందే, అదే వరుసలో, మొన్న మైదానంలో. పద్నాలుగో నంబరు కదలలేదు. అతను తలెత్తేసరికి ఎలుగు మీదికొచ్చింది. రైఫిల్‌ను అడ్డం పెట్టాడు. అతనూ అదీ ఒక్క ముద్దగా నేలమీద పడ్డారు.

కాల్చడానికి లేదు. ఎటు గురిపెట్టినా రాజేషే ఉన్నాడు. సంగీత దగ్గరికి పరుగెత్తింది. మనిషిపొడవు దూరంలో ఆగి పక్కనున్న నేలలోకి కాల్చింది. మట్టి ఎగిసింది. మళ్లీ కాల్చింది. ఇదే రెండోది, ఇక మూడోది ఆగుతుంది అనుకుంటూ నొక్కింది. భుజానికి దెబ్బ తగిలింది. నాలుగోది. ఎంప్టీ ఆమె చెవి పక్కనుంచి ఎగిరిపోయింది. ప్రతి గుండుకూ అదే అనుకుంటోంది, ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు. ఎలుగు రాజేష్ చెయ్యి వదిలి లేచింది. వెనక కాళ్లమీద నిలబడి ఆమె వైపు తిరిగింది. దాని నోటి వాసన తగిలింది. ఆమె దాని కాళ్ల ముందు నేలలోకి కాలుస్తూనే ఉంది, వెనక్కి ఒక్క అడుగు కూడా వేయలేదు.

పిల్ల కీచుమని అరిచింది. ఎలుగు ఒక్కసారి అటు చూసి, నాలుగు కాళ్లమీదికి దిగి, పొదల్లోకి ఉరికింది. పొదలు ఊగుతున్న చప్పుడు దూరమైంది.

సంగీత ఇంకా నొక్కింది. పేలలేదు. ఆగిపోయిందనుకుంది. అనుకున్నంత అయింది అనుకుంది. రైఫిల్ తిప్పి చూస్తే ఏదీ ఇరుక్కోలేదు. మ్యాగజైన్ ఖాళీ అయింది.

* * *

ఆ ముసలమ్మ పేరు గంగక్క. రాజేష్ ఎడమచెయ్యి మోచేతి కింద చీలికలైపోతే తన చీరకొంగు చింపి అదిమి కట్టింది ఆమే. వాళ్ల భాషలో ఏదో అంటూనే ఉంది, పిల్లవాణ్ని ఊరుకోబెడుతున్నట్టు. ఆడవాళ్లు ఆకుల మూటలు కట్టే గుడ్డలతో, రెండు కర్రలతో డోలీ చేశారు. వాగు దాటి, రోడ్డుదాకా వంతులవారీగా మోశారు. సనోబర్ ఒక కొస భుజం మీంచి దించనే లేదు. రోడ్డు మీద నుంచి జీపులో భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. చెయ్యి నిలుస్తుందన్నారు డాక్టర్లు, వేళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

మర్నాడు పొద్దున జైరాం సంగీతను పిలిపించాడు. ఆఫీసు గది కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. బల్ల మీద ఎలుగు పంటిగాట్లు పడిన పద్నాలుగో నంబరు ఉంది.

"నీ చేతిల ఇరవై ఏడు ఎందుకుంది?"

"మార్చుకున్న సార్. సనోబర్‌ది నేను తీస్కున్న."

"అది తప్పని తెల్సా?"

"తెల్సు సార్."

ఆయన కుర్చీలో వెనక్కి ఆనాడు. "సరే. గది నేను పట్టించుకోను. నువ్వు చేసిన పనికి రివార్డు రాయిస్త. మంచి పని చేసినవ్." కొంచెం ఆగి, బల్లమీది రైఫిల్‌ను వేలితో తట్టాడు. "రాజేష్ సంగతే. రైఫిల్ సరిగ్గ క్లీన్ చేయలే. మసి ఉండిపోయి ఇరికింది. మెమో ఇయ్యాలె. లేకపోతే పైనోళ్లు నన్నడుగుతరు. నువ్వు దగ్గరున్నవ్ కాబట్టి నీ మాట కావాలె. ఆయన రోజూ క్లీన్ చేసేటోడా, కాదా?"

ఈసారి ప్రమోషన్ లిస్టులో రాజేష్ పేరుంది. మెమో పడితే పోతుంది. అతను రోజూ పుల్‌త్రూ వేసేవాడని ఆమెకు తెలుసు. చింతచెట్టు నీడలో కూర్చుని, ఆమె ఎండలో పరుగెడుతుంటే కూడా వేస్తూనే ఉన్నాడు. 'చెయ్యి తిరగాలె' అన్న మాట గుర్తొచ్చింది. ఒక్క మాట, 'సరిగ్గ తెల్వది సార్' అంటే చాలు. తనకు రివార్డు వస్తుంది. అబద్ధమని ఎవరూ పట్టుకోలేరు.

బయట జీపు ఆగింది. బషీర్ దిగాడు. లోపలికి వచ్చి సలాం కొట్టి, పద్నాలుగును తీసుకుని కిటికీ దగ్గర నేలమీదే కూర్చుని విప్పాడు. ఇరుక్కున్న ఎంప్టీ తీశాడు. లోపల చిందీ తిప్పి బయటికి తీసి చూశాడు. తెల్లగానే ఉంది. కొక్కెం తీసి, స్ప్రింగును వేళ్ల మధ్య నొక్కాడు. నొక్కిన స్ప్రింగు మళ్లీ లేవలేదు.

"మెయింటెనెన్స్ తప్పేనా?" అన్నాడు జైరాం.

బషీర్ తలెత్తలేదు. అవునంటే ఆయనకూ సుఖమే. ఏడాదికోసారి అన్నీ చూశానని సంతకం పెట్టేది ఆయనే. గదిలో ఫ్యాను తిరుగుతోంది. సంగీత ఆయన చేతులవైపు చూసింది. చివరికి ఆ స్ప్రింగును బల్ల అంచున పెట్టాడు.

"ఇది మొదటి నుంచి ఉన్నదే సార్. రైఫిల్ వచ్చిన్నాటిది. నేను దీన్ని ఎప్పుడూ విప్పలే."

"ఇరవై ఏడు ఎట్ల నడిచింది మరి?"

"అది ఎన్నిసార్లు విప్పిన్నో నాకే తెల్వది. అందులో పాతది ఒక్క సామాను లేదు. మీరంతా దాన్నే తిట్టిన్రు. నేను దాన్నే బాగుచేసిన."

జైరాం స్ప్రింగును చేతిలోకి తీసుకున్నాడు. ఏమనుకున్నాడో మొహంలో తెలియలేదు. "ఒకటి పోతే పోతది. తక్కినయి ఎప్పుడన్న ఆగినయా? ఎవడన్న చెప్పిండా?"

"ఎవరు చెప్తరు సార్?" అంది సంగీత.

అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట. ఆయన ఆమెవైపు చూశాడు.

"చెప్పినోళ్లు నెత్తిమీద పట్టుకుని ఉరకాలె కదా. ఆగినా చప్పుడు చేయకుండ కొట్టి, లాగి, కాల్చుకుంటరు. రాజేష్ అన్న రోజూ క్లీన్ చేస్తడు సార్. నేను చూసిన. మెమో ఇచ్చేముందు అన్ని రైఫిళ్లను మ్యాగజైన్ నిండా కాల్చి చూడుండ్రి. అయిదు గుండ్లు కాదు, మొత్తం."

"గన్ని రౌండ్లు ఎవడిస్తడు? లెక్క ఎవడు చెప్పాలె?"

"రేపు మళ్ల పెట్రోలింగ్ ఉంది సార్. మీరు కూడ వస్తరు."

జైరాం కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. తరువాత స్ప్రింగు జేబులో వేసుకుని లేచాడు. వీరన్నను పిలిచి గుండ్ల పెట్టెలు తెరవమన్నాడు.

రైఫిళ్లన్నీ మైదానంలో వరుసగా పరిచారు. ఎవరికి ఇష్టమైన నంబరు వెనక వారు పడుకున్నారు. జైరాం తనది తానే కాల్చాడు. మ్యాగజైన్ మొత్తం వెళ్లిపోయింది. లేచి మోకాళ్లు దులుపుకుంటున్న ఆయన మొహంలో నిమ్మళం లేదు, ఎందుకంటే పక్కవాడిది అప్పటికే ఆగిపోయింది. తరువాతిది సగందాకా వెళ్లి ఆగింది. తొమ్మిదో నంబరు వెనక సనోబర్ ఉంది. ఎన్నడూ ఆగనిదని పేరున్న ఆ రైఫిల్ ఆరో గుండుకు ఆగింది. ఆ పిల్ల హ్యాండిల్ కొట్టలేదు. మెల్లగా చెయ్యెత్తి, "సార్, ఆగింది" అంది. ఆ మాట అంత మామూలుగా ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ అనలేదు. కాసేపటికి ఇంకో చెయ్యి లేచింది. ఆ తరువాత, కాల్చకముందే ఒకడు లేచి నిలబడి, "సార్, నాది పోయిన్నెలలోనే ఒకపారి ఆగింది" అన్నాడు. జైరాం అతన్ని ఏమీ అనలేదు. బషీర్ ఆగినవాటిని ఒక్కొక్కటే తెచ్చి టార్పాలిన్ మీద పెడుతున్నాడు. టార్పాలిన్ మీద చోటు చాలక ఇంకోటి పరిచారు.

ఇరవై ఏడును సంగీతే కాల్చింది. అది ఆగలేదు.

సాయంత్రం జీపు ఆగినవాటిని వేసుకుని వెళ్లిపోయింది. కొత్త స్ప్రింగులు ఎప్పుడొస్తాయో బషీర్ చెప్పలేకపోయాడు. పెట్రోలింగ్ ఆపమని పైనుంచి ఎవరూ చెప్పలేదు. జైరాం అందరినీ నిలబెట్టి మాట్లాడాడు. మెమో మాట ఎత్తలేదు. ఉన్న రైఫిళ్లు ఎన్నో, పోయేవాళ్లు ఎందరో చెప్పి, చివర అన్నాడు:

"ముందల నడిచేటోని దగ్గర ఆగనిది ఉండాలె. ఇరవై ఏడు ఎవరు తీస్కుంటే వాళ్లు ముందల."

ఎవరూ కదలలేదు. నిన్నటిదాకా దాన్ని వద్దన్నవాళ్లే అందరూ. ఈరోజు మంచిదని తెలిసినా వద్దనే కళ్లతో నేలకేసి చూస్తున్నారు. సనోబర్ ఒక అడుగు ముందుకు వేయబోయింది. సంగీత ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఆపి, తను ముందుకు నడిచింది.

దీపాలు పెట్టేవేళకు దవాఖానాకు ఫోన్ చేసింది. రాజేష్ భార్య హేమ్లి ఎత్తి అతని చెవి దగ్గర పెట్టినట్టుంది, ఊపిరి వినబడింది. సంగీత లంబాడీలో మాట్లాడింది. జరిగిందంతా చెప్పింది. ఎన్ని ఆగాయో, ఎవరెవరివి ఆగాయో చెప్పింది. నీ చెయ్యి తప్పు కాదని అందరి ముందరా తేలింది అని చెప్పింది.



"నాది అంతకుముందు కూడ ఆగింది సంగీతా" అన్నాడు. "రెండుమూడుసార్లు. చెప్తే నా మీద పెడతరని చెప్పలే. నువ్వు ఉరుకుతుంటే కూడ చెప్పలే."

ఆమె అనవలసింది ఉంది, అతనికీ తెలుసు. అవతల ఎవరో మంచం జరుపుతున్న చప్పుడు. హేమ్లి ఎవరితోనో నీళ్ల గురించి మాట్లాడుతోంది.

"రేపు పోతున్నరా?"

"అవ్."

"ముందల ఎవరు నడుస్తరు?"

"నేనే అన్నా."



"వాగు దాటినంక ఎడమకు పోకు" అన్నాడు. గొంతు సన్నగా ఉంది. "దారి సాఫుగ కనబడతది గాని, రెండు దిక్కుల గుట్టలుంటయి. ఏం కనబడది. కుడికి తిరిగి, గుట్టమీదికెల్లి పో. చుట్టు అయితది. అయినా అటే పో. వింటున్నవా?"

"వింటున్న. ఇంక చెప్పు."

అతను చెప్పడం మొదలుపెట్టాడు.